గడప ఇవతలి కుర్చీ

నేను ఒక చక్రాల కుర్చీని. పుట్టడం సింహాసనంగా పుట్టలేదు. మధ్యలో కొన్నాళ్ళు నన్ను సింహాసనం చేసి కూర్చోబెట్టారు, ఆ భాగోతం తర్వాత చెబుతాను. ముందొక సంగతి. మీరు కాళ్ళున్నవాళ్ళు. గొప్ప ఇంటికి వెళితే పైకప్పు చూస్తారు, దీపాల గుత్తులు చూస్తారు, గోడల మీది రాజుల మీసాలు చూసి నోరెళ్ళబెడతారు. నేనూ, నాలో కూర్చున్నవాళ్ళూ ముందు చూసేది గడప. గడప దాటితే కదా ఇల్లు! మా కథ అక్కడే మొదలవుతుంది, చాలాసార్లు అక్కడే ముగిసిపోతుంది.

వంశధార ఒడ్డున ఒక మిషన్ ఆసుపత్రి ఉండేది. పాత వార్డు పడగొట్టినప్పుడు మిగిలిన టేకు తలుపుల్ని కోసి, సైకిలు చక్రాలు బిగించి, పేము అల్లి నన్ను తయారుచేశారు. చేసిన వడ్రంగి పేరు భద్రాచారి. నా చేతుల మీద చిత్రిక పడుతూ నాతోనే మాట్లాడేవాడు. "తలుపై ఉన్నన్నాళ్ళూ జెనాన్ని ఆపినావు. ఇక మీదైనా అందర్నీ లోనికి తీసుకెల్లు" అని దీవించాడు. ఆయన దీవెనకేం లోటు లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, నా బతుకు అలా తయారైంది.

ఆసుపత్రిలో బాలింతల్ని మోశాను, తాటిచెట్టు మీంచి పడ్డ గీతగాళ్ళని మోశాను. కొందరు నా మీద కూర్చుని వెళ్ళి, నడుచుకుంటూ ఇంటికి పోయారు. వాళ్ళలో ఒక్కడూ వెనక్కి తిరిగి చూడలేదు. నాకు కోపం లేదు. కుర్చీని మరచిపోగలగడమే కదా వాళ్ళకి కావలసింది. తర్వాత మెరిసే ఇనప కుర్చీలొచ్చాయి. నన్ను బట్టలుతికే చోట గోడకి చేరేసి, నా మీద తడి దుప్పట్లు ఆరేశారు.

అక్కడినుంచి నన్ను బయటపడేసింది తనిఖీ. నందిగెడ్డలో జమీందారుల బంగళా ఉంది. వారసులు దాన్ని సర్కారుకి అప్పగిస్తే మ్యూజియం చేశారు. చుట్టూ తోట, తోటలో సంపెంగలు, నీళ్ళెండిన ఫౌంటెను. ఇలాంటి చోట్లన్నింటికీ కాళ్ళు లేనివాళ్ళు కూడా రాగలిగేలా ఏర్పాట్లుండాలని పైనుంచి హుకుం వచ్చింది. హుకుం వెనకాలే తనిఖీ వస్తోందన్నారు. మేనేజరు సదాశివరావు గారు ఉరుకులు పరుగుల మీద మెట్ల పక్కన సిమెంటు వాలుబాట పోయించారు, ఆసుపత్రి వాళ్ళని బతిమాలి నన్ను తెప్పించారు, వార్నీషు పట్టించారు, 'చక్రాల కుర్చీ కలదు' అని బోర్డు రాయించారు. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని గేటు దగ్గరి స్తంభానికి గొలుసేసి తాళం పెట్టారు. తనిఖీ ఆఫీసరు వచ్చి నా వీపు తట్టి, నా పక్కన నిలబడి ఫోటో దిగి, కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. మనుషులకి నన్ను చూస్తేనే పుణ్యం చేసినట్టుంటుంది. కూర్చునేవాళ్ళెక్కడున్నారన్న చింత ఎవరికీ పట్టదు.

తాళంచెవి వాచ్‌మన్ తవిటయ్య మొలతాడుకి వేలాడేది. మంచివాడు, నోరు తీపి, వచ్చినవాళ్ళు సంతోషంగా వెళ్ళాలని ఆరాటం. ఆ ఆరాటంలో లేనిదాన్ని ఉందనడం కూడా ఉంది. ఆయన భార్య సన్యాసమ్మ బంగళా ఊడ్చేది. శుక్రవారం శుక్రవారం సింహద్వారం గడపకి పసుపు రాసి, బియ్యప్పిండితో ముగ్గేసి, కుంకుమ బొట్లు పెట్టేది. జమీందారులు పోయారు, జమీ పోయింది, గడప మాత్రం నిత్యసుమంగళిలా వెలిగిపోయేది. జానెడుపైన ఎత్తున్న టేకు గడప. దాన్ని తొక్కకూడదు, దాని మీద కూర్చోకూడదు, దాని మీద నిలబడి తుమ్మనైనా తుమ్మకూడదు. లక్ష్మీదేవి కూర్చునే చోటది.

ఇంతకీ ఆ సిమెంటు వాలుబాట ఎక్కడిదాకా వెళ్ళిందనుకున్నారు? ముచ్చటగా మెలిక తిరిగి వరండా ఎక్కి, సరిగ్గా ఆ గడప ముందుకొచ్చి ఆగింది. కట్టిన మేస్త్రీకి తట్టలేదు, కట్టించిన మేనేజరుకి తట్టలేదు, మెచ్చుకున్న ఆఫీసరుకి తట్టలేదు. అందరికీ కాళ్ళున్నాయి మరి.

అలాంటి చోటికి ఒక శుక్రవారం పారమ్మ వచ్చింది.

ఆటోలోంచి కూతురు సుగుణ ముందు దిగి, "కుర్చీ ఉన్నాదని బోర్డు రాసినారు, నిజంగా ఉన్నాదా?" అంది. తవిటయ్య ముఖం దీపంలా వెలిగింది. ఇన్నాళ్ళకి తన తాళంచెవికి పని పడింది. గొలుసు తీసి, తువ్వాలుతో నన్ను దులిపి, ఆటో దగ్గరికి తోసుకెళ్ళాడు. పారమ్మకి కుడికాలు మోకాలి పైదాకా లేదు. చక్కెర జబ్బు తినేసింది. ఎడమ పాదానికి కట్టు. ఆమె నాలో కూర్చుని నా చేతుల మీద చేతులు వేయగానే ఉలిక్కిపడ్డాను. వేళ్ళ చివర్లు గరుకుగా, కాలి గట్టిపడి ఉన్నాయి. జీడిపిక్కలు కొట్టే చేతులవి. ఆ పిక్కల నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఎడమచెయ్యి మరీ ఎక్కువగా కాలి ఉంది. ఎడమచేతి వాటం మనిషని అర్థమైంది.

తోటలో గులకరాళ్ళ బాట నా ముందు చక్రాల్ని మింగేస్తుంటే తవిటయ్య రొప్పుతూ తోశాడు. "ఏటి సూడ్డానికొచ్చినావప్పా? రాజుగారి కత్తులా, పింగాణీలా?" అన్నాడు. అప్పంటే వాళ్ళ వైపు అక్క.

"మాయమ్మని" అంది పారమ్మ.

తవిటయ్య ఆగిపోయాడు. ఆమె చెప్పింది. తల్లి నీలమ్మ ఈ బంగళాలో దాసీగా ఉండేదట. బంగళా నడిమి హాల్లో గోడ నిండా సీతమ్మ పెళ్ళి బొమ్మ వేయించారట. బొమ్మలు వేసినాయన చెలికత్తెల ముఖాలకి బంగళాలోని దాసీపిల్లల్నే ఎదురుగా నిలబెట్టి వేశాడట. నీలమ్మ పారమ్మని కని, పురిట్లోనే కన్నుమూసింది. ఫోటో లేదు, ఏమీ లేదు. అమ్మమ్మ పెంచింది. "సీతమ్మ పక్కన ఎడంసేత్తో అద్దం అట్టుకున్న గుంట మీయమ్మే. గెడ్డం మీద పచ్చబొట్టు సుక్కుంటాది" అని అమ్మమ్మ చెప్పిన మాట ఒక్కటే పారమ్మకి తల్లి.

"సిన్నప్పుడు మాలాటోల్లని లోనికి రానిచ్చీవోరు కాదు. మ్యూజియం అయినాక, రేపెల్దాం ఎల్లుండెల్దాం అనుకున్నాను. పిక్కల పని తెమిల్తే కదా! కాలు పోనాది. ఇప్పుడు కళ్ళు పోతన్నాయి తమ్ముడా. డాక్టరు బాబు సెప్పీసినాడు, ఇంక ఆగవంట. సీకటి పడిపోకముందు మాయమ్మ ముకం ఒక్కపాలి సూసీవాల."

ఆ మాట విన్నాక నా చక్రాలు గుర్రం కాళ్ళయిపోయాయి. వాలుబాట ఎలా ఎక్కానో తెలియదు. ఎక్కి, గడప ముందు ఆగిపోయాను.

పసుపు అప్పుడే రాశారు, ఇంకా తడి ఆరలేదు. ముగ్గు పక్కన గిన్నె పట్టుకుని సన్యాసమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి చటుక్కున లేచి, "ఓలమ్మో, సెక్రాలు గడప మీదికెక్కించీకండి. లచ్చిందేవి కూకున్న సోటు!" అంది. నాకు ఒళ్ళు మండింది. ఈవిడ సంగతి తేల్చేద్దాం అనుకుంటుండగా పారమ్మే చెయ్యెత్తింది. "నిజివే కదా. గడప తొక్కి యెల్లి మాయమ్మని సూత్తానా? వొద్దు వొద్దు." ఇంకేం చెప్పను? వద్దనేవాళ్ళూ వాళ్ళే, ఏడ్చేవాళ్ళూ వాళ్ళే.

బంగళా చూడ్డానికి వచ్చిన ఇద్దరు మగవాళ్ళు ముందుకొచ్చి, గడప మీదుగా కుర్చీతో సహా ఎత్తి పెట్టేస్తామన్నారు. మంచి మనసుతోనే అన్నారు. చెరొకవైపూ పట్టుకుని లేపారు. నేను మామూలు బరువా? పాత టేకు. సగం గాల్లోకి లేచాక ఒకాయన చెయ్యి జారింది. నేను ఒరిగిపోయాను. పారమ్మ పాదం, ఆ కట్టు కట్టిన పాదం, గడప అంచుకి ఠపీమని తగిలింది. ఆవిడ అరవలేదు. ఊపిరి లోపలికి లాక్కుని నా చేతిని పట్టుకుంది చూడండి, ఆ పట్టు నా చెక్కకి ఇప్పటికీ గుర్తుంది. కట్టు ఎర్రబడింది. పసుపు గడప మీద నెత్తురు బొట్లు పడ్డాయి.

అపచారమని సన్యాసమ్మ గోల పెడుతుందనుకున్నాను. ఆవిడ గడప వైపు చూడనైనా చూడలేదు. గిన్నెలో మిగిలిన పసుపంతా గుప్పిట్లోకి తీసుకుని పరుగున వచ్చి పాదానికి అదిమి పట్టింది. "మా తల్లే, మా తల్లే, నా నోట్లో మన్నెయ్య, అడ్డం సెప్పకపోయినా బాగుణ్ణు" అని ఆవిడే ఏడ్చింది.

సుగుణ మాత్రం లోపలికి ఒక్కతే పరిగెత్తుకెళ్ళి, బొమ్మ చూసి, తిరిగొచ్చింది. "ఉన్నాదే అమ్మా! అద్దం అట్టుకుని ఉన్నాది. సుక్క కూడా ఉన్నాది" అంది.

"నువ్వు సూసినావు కదా. ఎలగున్నాది?"

ముఖాన్ని మాటల్లో ఎవరు చెప్పగలరు? "బావుంది" అంది సుగుణ. పారమ్మ కళ్ళు మూసుకుంది. నన్ను వెనక్కి తిప్పారు.

ఆ పుండు మానడానికి వానాకాలమంతా పట్టింది. ఈలోగా తవిటయ్య బజారులోని ఫోటో స్టూడియో అతన్ని తీసుకొచ్చాడు. హాల్లో చీకటి, బొమ్మలు పాడవుతాయని మెరుపు లైటు వెయ్యనివ్వరు. ఫోటోలో సీతమ్మ చీర కాస్త కనబడింది, నీలమ్మ ముఖం ఉన్నచోట పొగ ఉంది. సదాశివరావు గారు చెడ్డవాడు కాదు. గడపకి తగలకుండా దాని మీదుగా అటూ ఇటూ వాలుగా ఒక చెక్కబల్ల చేయిద్దామన్నారు. సన్యాసమ్మ కూడా ఒప్పుకుంది. కానీ అది పాతకాలపు కట్టడం. అక్కడ మేకు కొట్టాలన్నా పైవాళ్ళ అనుమతి కావాలి. అర్జీ వెళ్ళింది. బల్ల బొమ్మ గీసి పంపమన్నారు. పంపితే, గీసిన బొమ్మలో గడప ఎత్తు రాయలేదన్నారు. ఎత్తు రాసి పంపితే, ఆ చూసే ఆఫీసరు బదిలీ అయ్యాడన్నారు. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడానికి మంచి రోజు చూస్తున్నారు!

పారమ్మ మధ్యలో మళ్ళీ వచ్చింది. బల్ల వచ్చిందేమోనని. రాలేదు. వరండాలో నాలో కూర్చుని, గడప అవతలి చీకట్లోకి మెడ చాచి చూసింది. నడిమి హాలు గడపకి సూటిగా లేదు, లోపల పక్కకి ఉంటుంది, ఎంత చాచినా గోడ కనబడదు. "తమ్ముడా, ఆ సంపెంగ సెట్టుకి పూలున్నాయా?" అంది. చెట్టు ఎదురుగానే ఉంది, విరగబూసి ఉంది. తవిటయ్యా, సుగుణా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా ప్రాణం ఉసూరుమంది.

మూడోసారి వచ్చినప్పుడు ఆమె బల్ల గురించి అడగలేదు. కుడికన్ను అప్పటికే పూర్తిగా పోయింది. "నన్ను దింపండే. పాక్కుంటెల్తాను. ఈ యాల కాకపోతే ఇంక నేదు" అంది. ఆమె గొంతు విని సుగుణ కాదనలేకపోయింది. సన్యాసమ్మ కొంగు బిగించింది. "పాకడమేటి తల్లీ, మేం నేవా?" అంటూ ఆడవాళ్ళిద్దరూ చేతులు ఒకదానిలో ఒకటి పెనవేసి, ఆ చేతుల మీద పారమ్మని కూర్చోబెట్టుకున్నారు. తవిటయ్య ఆమె పాదాన్ని రెండు చేతుల్లో గాజుబుడ్డిలా పట్టుకున్నాడు. ముగ్గురూ కలిసి కాలెత్తి గడప దాటారు. గడపకి చీర కుచ్చయినా తగలలేదు.

నేను ఇవతలే ఉండిపోయాను. ఇంత ఊరేగీ నేను చేసిన సాయం అంతే. లోపలినుంచి మాటలు మాత్రం వినిపించాయి.

"ఏదే? ఏపక్క?"

"నీ ఎదురుగానే ఉన్నాదే అమ్మా. పైకి సూడు. ఎర్రసీర సీతమ్మ, ఆ పక్కనే."

"ఎరుపు కనబడతన్నాది... ఇంకొంచెం దగ్గరికి. ఇంకొంచెం."

"గోడకి ఆనీసినామే అమ్మా. ఇంక దగ్గర నేదు."

ఎవరో ముక్కు చీదారు. బయట తోటలో పిట్టలు గోలగోలగా అరుస్తున్నాయి. వాటిని రాయి పెట్టి కొట్టాలనిపించింది నాకు.

తిరిగి తీసుకొచ్చి నాలో కూర్చోబెట్టారు. తవిటయ్య ఆశగా వంగి, "సూసినావా అప్పా?" అన్నాడు. వానాకాలమంతా అతను ఈ ఒక్క ప్రశ్న అడగడానికే ఎదురుచూశాడు.

పారమ్మ నవ్వింది. "సూసీసినాను తమ్ముడా. ఎంత బావుందో మాయమ్మ! నీ కడుపు సల్లగుండ." ఆ మాట విని తవిటయ్య దంపతులు మురిసిపోయారు. నేను మురిసిపోలేదు. ఎందుకంటే ఆమె ఎడమచెయ్యి నా చేతి మీదే ఉంది. గేటు దాకా ఆ చెయ్యి నా చెక్కని తడుముతూనే ఉంది, గోడ మీద దొరకనిదేదో నాలో దొరుకుతుందేమోనన్నట్టు. ఆటో ఎక్కేముందు సుగుణ ఆ చేతిని తీసి తన చెంపకి ఆనించుకుంది. కూతురికి తెలుసు, నాకు తెలుసు. మిగతావాళ్ళకి తెలియనివ్వలేదు ఆ మహాతల్లి.

ఇక్కడితో అయిపోతే నేను ఇంత గొంతు చించుకునేదాన్ని కాదు. తర్వాత జరిగింది వినండి.

బల్లకి అనుమతి వచ్చింది! చేతులు కాలాక ఆకులు. వడ్రంగి వచ్చి గడప మీదుగా చక్కని వాలుబల్ల అమర్చాడు. అదే సమయానికి సదాశివరావు గారికి బదిలీ అయింది. కొత్త మేనేజరు రఘునందన్ గారు ఇంకా రాలేదు. ఆ మధ్య రోజుల్లో తవిటయ్య నా గొలుసు తీసేసి నన్ను వరండాలోనే ఉంచాడు, ఎవరికైనా చప్పున అందుతానని. వచ్చినవాళ్ళు నన్ను చూసి, "ఇంత పాత కుర్చీ, రాజుగారిదా?" అని అడగడం మొదలుపెట్టారు. మొదట్లో తవిటయ్య తల అడ్డంగానే ఊపాడు. వాళ్ళ ముఖాలు చిన్నబోయేవి. అది చూడలేని మనిషి కదా! ఒకరోజు ఒక ముసలాయన మనవలకి నన్ను చూపిస్తూ అడిగితే, "ఔను బాబూ, పెద్దరాజుగారు కాలు ఇరిగినప్పుడు దీని మీదే తిరిగీవోరు" అనేశాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఇంకేముంది! మర్నాటికి రాజుగారి కాలు గుర్రం మీంచి పడి విరిగింది. వారానికల్లా వేటలో పులి పంజా కొట్టి విరిగింది. నా మీద అల్లిన పులి కథ విని నేనే నోరెళ్ళబెట్టాను.

కొత్త మేనేజరు చెవిన ఆ పులి పడింది. రఘునందన్ గారు ఉత్సాహవంతుడు. "ఇంత విలువైన వస్తువుని బయట పడేశారేమిటయ్యా!" అని నెత్తి కొట్టుకుని, నాకు మళ్ళీ వార్నీషు పట్టించి, మెడలో బంతిపూల దండ వేయించి, నలుగురు మనుషుల చేత లోపలికి తోయించారు. ఆ కొత్త బల్ల మీద మొట్టమొదట గడప దాటింది నేనే. ఖాళీగా! పారమ్మ కోసం చేయించిన బల్ల మీద, పారమ్మ లేకుండా. భద్రాచారి దీవెన ఇలా ఫలించింది. నా చుట్టూ ఎర్రతాడు కట్టారు. ముందు 'పెద్దరాజావారు వాడిన కుర్చీ. కూర్చోరాదు' అని పలక పెట్టారు. గేటు దగ్గర బోర్డు మాత్రం అలాగే ఉంది, 'చక్రాల కుర్చీ కలదు' అని.

నన్ను పెట్టిన చోటు నడిమి హాలు. నా ఎదురుగా గోడ.

ఎర్రచీర సీతమ్మ తలవంచుకుని కూర్చుని ఉంది. పక్కన చెలికత్తెలు. మూడో పిల్ల ఎడమచేత్తో అద్దం పట్టుకుని ఉంది. గడ్డం మీద పచ్చబొట్టు చుక్క. నీలమ్మా, నువ్వేనా? పదహారేళ్ళుండవు. పెదవి చివర కొంచెం నవ్వు, ఎవరో పక్కనుంచి ఏదో చెబితే ఆపుకుంటున్న నవ్వు. పారమ్మ 'సూసీసినాను తమ్ముడా' అన్నప్పుడు నవ్విన నవ్వది. నాకు గుండె ఉందో లేదో నాకు తెలియదు, ఉంటే ఆ రోజే పగిలి ఉండేది. ఒక మనిషి ఏ ముఖం కోసం కళ్ళు అరిగేలా ఏడ్చిందో, ఆ ముఖాన్ని ఒక కొయ్య పొద్దస్తమానం చూస్తూ కూర్చుంది. నాకు రెప్పలు కూడా లేవు, మూసుకుందామంటే.

తవిటయ్య నా వైపు రావడం మానేశాడు. రాజుగారి పులి గురించి ఎవరైనా అడిగితే, "నాకు తెల్దు బాబూ" అంటూ తప్పుకునేవాడు.

అలా ఉండగా గేటు దగ్గర ఆటో చప్పుడైంది. సుగుణ గొంతు వినబడింది. కాసేపటికి సుగుణా, తవిటయ్యా హాల్లోకి వచ్చారు. రఘునందన్ గారు ఎవరికో బొమ్మలు చూపిస్తున్నారు.

"సార్, మాయమ్మని పట్నం ఆస్పత్రికి తీసుకెల్తన్నాం" అంది సుగుణ. "కిడ్నీలు కూడా పోనాయన్నారు. మళ్ళీ వొస్తాదో నేదో. ఎల్లేముందు ఆళ్ళమ్మ ఎదర ఒక్క పాలి కూకుంటానని ఒకటే ఏడుపు. కుర్చీ ఇప్పించండి."

"అయ్యో, తప్పకుండా. తవిటయ్యా, గేటు దగ్గరి కుర్చీ తీసుకురా" అన్నారాయన.

తవిటయ్య కదల్లేదు. "గేటు కాడ నేదు బాబూ" అన్నాడు నేల చూస్తూ. "ఇదే ఆ కుర్చీ."

"ఇదా? ఇది రాజావారిదయ్యా! మ్యూజియం వస్తువు. ముట్టుకుంటే నా ఉద్యోగం ఊడుతుంది. వేరే ఏదైనా చూడు. పోనీ మొన్న మీరే ఎత్తుకొచ్చారంటగా."

"ఒళ్ళంతా నీరు పట్టీసినాది సార్. ముట్టుకుంటే కేకలెడతన్నాది" అంది సుగుణ.

హాల్లో పదిమందీ నన్ను చూస్తున్నారు. బయట ఆటోలో పారమ్మ ఉంది. అడ్డుగా ఇక గడప లేదు, బల్ల ఉంది. అడ్డుగా ఉన్నది ఒక ఎర్రతాడు, ఒక పులి. ఒరే తవిటయ్యా, నోరు తెరవరా, ఎన్ని కథలు చెప్పావురా ఈ నోటితో, ఒక్క నిజం చెప్పరా అని నా చెక్క చెక్కా మొరపెట్టింది. నా మొర ఎవరికి వినబడుతుంది?

అతను తలెత్తి గోడ వైపు చూశాడు. తర్వాత ఎర్రతాడు విప్పాడు.

"ఇది రాజుగారిది కాదు బాబూ. మిషను ఆస్పత్రి కుర్చీ. రాజుగారికి కాలూ ఇరగనేదు, పులీ కొట్టనేదు. వొచ్చినోల్లు సంబరపడతారని నానే అబద్ధం సెప్పీసినాను. నన్నేటి సేస్తారో సేసుకోండి. అప్ప బయట కూకుని ఉన్నాది."

ఎవరో ఫక్కున నవ్వారు. రఘునందన్ గారి ముఖం ఎర్రబడింది. తిట్టబోయినవాడు, సుగుణ వైపు చూసి ఆగిపోయాడు. పలకని తానే తీసి చంకలో పెట్టుకున్నాడు. "తీసుకెళ్ళు, ముందు తీసుకెళ్ళు" అన్నాడు.

ఎన్నాళ్ళకి! తవిటయ్య నన్ను గులకరాళ్ళ మీద దడదడలాడిస్తూ గేటు దాకా పరుగెత్తించాడు. పారమ్మ నా చేతులు తడిమి, "ఓలే, నువ్వేనా!" అంది నాతోనే. రెండు కళ్ళూ చీకటే ఆమెకి. బల్ల దగ్గరికి రాగానే సన్యాసమ్మ ముందుకొచ్చి నా చక్రాలకి ఇంత పసుపు రాసింది. నేను బల్ల ఎక్కాను, గడప మీదుగా దాటాను, దిగాను. ఈసారి ఖాళీగా కాదు.

హాల్లో గోడ ఎదురుగా ఆపారు. జనం పక్కకి తప్పుకున్నారు. పారమ్మ ముఖం ఎత్తి కూర్చుంది. చూపు బొమ్మ మీద లేదు, కొంచెం పక్కకి, ఉత్త గోడ మీద ఉంది. ఎవరూ సరిచెయ్యలేదు.

మెల్లగా అడిగింది. "తమ్ముడా, మాయమ్మ నన్ను సూత్తున్నాదా?"

తవిటయ్య గోడ వైపు చూశాడు. నేనూ చూశాను. నాకు చూడక్కర్లేదు, తెలుసు. నీలమ్మ కళ్ళు పెళ్ళికూతురి మీద ఉన్నాయి. బొమ్మ వేసిన నాటినుంచీ అక్కడే ఉన్నాయి. వరండాలో నిలబడ్డవాళ్ళని గానీ, హాల్లో కూర్చున్నవాళ్ళని గానీ ఆ పిల్ల ఎన్నడూ చూడలేదు.

ఇప్పుడే అందరి ముందూ అబద్ధం ఒప్పుకున్న మనిషి, గొంతు సవరించుకున్నాడు.

"సూత్తున్నాదప్పా. నిన్నే సూత్తున్నాది."

హాల్లో ఎవరూ నవ్వలేదు. పారమ్మ గబగబా పమిట సర్దుకుంది. కాలిన వేళ్ళతో ముఖం తుడుచుకుంది. నాలో నిటారుగా కూర్చుని కూతుర్ని పిలిచింది.

"ఓలే సుగుణా, జుట్టు రేగిపోయున్నాదేమో, కాస్త సరిసెయ్యే."

సుగుణ వెనక నిలబడి, కళ్ళనీళ్ళు కారిపోతుండగా, తల్లి జుట్టుని వేళ్ళతో దువ్వి ముడేసింది. నేను కదలకుండా ఆమెని పట్టుకున్నాను.